ఆస్తి కాగితములు – ఆడబిడ్డల వాటా

పరదేశమునకు పోయి కాపురముండ దలచినవాడు ఆ దేశపు చట్టమును ముందుగా విచారించును. తాను అచ్చట పరాయివాడనని ఎరుగును గాన ఆ జాగ్రత్త అతనికి సహజముగానే కలుగును. వేలూరు, గుడియాత్తము ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు అట్టి జాగ్రత్త అలవడలేదు. మనము ఇక్కడివారమే. ఇది మన ఊరే. అందులో సందేహము లేదు. కాని మన ఇంటి పెట్టెలోని పాత దస్తావేజులు ఒక భాషలో, కచేరీలోని రికార్డులు మరియొక భాషలో, కోర్టు తీర్పులు ఇంకొక భాషలో ఉన్నవి. మూడింటిని చదివి పోల్చి చూడగలవారు ఇంటికి ఒకరైనను లేని స్థితి వచ్చినది. ఈ స్థితివలన ఎక్కువగా నష్టపడుచున్నవారు మన ఆడబిడ్డలు. కావున ఈ వారము ఆ విషయమును పాఠక మహాశయుల ముందుంచుచున్నాము.

విదేశములకు పోవు మన యువకుల జాగ్రత్త ఎట్టిదో చూడుడు. థాయిలాండునే తీసికొందము. ఆ దేశపు 1954 నాటి భూమి చట్టము ప్రకారము విదేశీయుడు ప్రత్యేకానుమతి లేనిదే తన పేర భూమి కొనజాలడు. అంతస్తుల భవనములలో మాత్రము, మొత్తము విస్తీర్ణములో నూటికి 49 వంతులు మించకుండ, విదేశీయులు వాటాలు కొనవచ్చును. వివాహము జిల్లా కచేరీలో నమోదు కానిదే అచ్చట చెల్లదు. పందిరి వేసి, పురోహితుని పిలిచి, ఎంత వైభవముగా జరిపినను చట్టము దృష్టిలో అది పెండ్లి కాదు. పెండ్లికి ముందున్న ఆస్తి ఎవరిది వారికే చెందును. పెండ్లి తరువాత ఆర్జించినది ఉమ్మడి సొత్తగును. విడిపోయినచో దానిని సమభాగములుగా పంచుకొనవలెను. స్థిరాస్తి వారసత్వమునకు ఆ ఆస్తి ఉన్న చోటి చట్టమే వర్తించునని 1938 నాటి వారి శాసనము చెప్పుచున్నది. వారసులలో మొదటి వరుస సంతానము. అందు కొడుకు, కూతురు అను భేదము లేదు.

బ్యాంకాకునకు పోవు కుర్రవాడు ఇదంతయు బయలుదేరుటకు ముందే అడిగి తెలిసికొనును. అతని తండ్రి మాత్రము తాను నివసించుచున్న ఇంటి పట్టా ఎవరి పేర నున్నదో నలుబది ఏండ్లుగా చూచి యుండడు. తల్లి పేర పాలమనేరు ప్రక్కనున్న నాలుగెకరముల సంగతి అంతకన్నను తెలిసి యుండదు. విదేశమున చూపు శ్రద్ధలో సగము ఇంట చూపినను మన తగవులలో చాలభాగము పుట్టకయే పోవునని మా నమ్మకము.

మన పరిస్థితి ఇతర ప్రాంతములవారి పరిస్థితి వంటిది కాదు. 1911 వరకు చిత్తూరు, పాలమనేరు, వేలూరు, గుడియాత్తము అన్నియు ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివే. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా వేరయినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడగా జిల్లాల ఎల్ల రాష్ట్రముల ఎల్లయైనది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మొదలగు ప్రాంతములు ఈ వైపునకు, మరికొన్ని గ్రామములు ఆ వైపునకు మారినవి. పాలమనేరు వైపునుండి దిగివచ్చు కౌండిన్య నది ఎప్పటివలెనే గుడియాత్తము మీదుగా పాలారునకు పోవుచున్నది. మన వియ్యములును అట్లే సాగుచున్నవి. ఇక్కడి పిల్లను చిత్తూరునకు ఇచ్చుచున్నాము, అక్కడి పిల్లను ఇక్కడికి తెచ్చుకొనుచున్నాము. అందుచేత ఒకే కుటుంబమునకు రెండు రాష్ట్రములలో ఇండ్లు, అంగళ్లు, పొలములు ఉండుట మనలో సామాన్యము.

ఇచ్చట మొదట తెలిసికొనవలసిన సూత్రమొకటి గలదు. మనిషి ఎక్కడ కాపురమున్నను భూమి కాగితము భూమి ఉన్న చోటనే నడచును. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము స్థిరాస్తి దస్తావేజును ఆ ఆస్తి, లేక అందులో కొంత భాగము, ఏ సబ్‌రిజిస్ట్రారు పరిధిలో నున్నదో అచ్చటనే రిజిస్టరు చేయింపవలెను. ఇక్కడ పట్టా, చిట్టా, అడంగలు, విల్లంగం సర్టిఫికెట్టు చూడవలెను. అక్కడ పట్టాదారు పాసుపుస్తకము, 1-బి, అడంగలు, ఈ.సీ. చూడవలెను. పేర్లు కొన్ని కలిసినను కచేరీలు వేరు, భాషలు వేరు. పట్టా యున్నంత మాత్రమున భూమి తనదేయని ఎవరును నిశ్చింతగా నుండరాదు. పట్టా రెవెన్యూవారి లెక్క. హక్కును నిలుపునది దస్తావేజు, వారసత్వము.

ఇక వారసత్వము సంగతి. 1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టము రెండు రాష్ట్రములకును ఒక్కటే. తండ్రి స్వార్జితము, ఆయన వీలునామా వ్రాయక మరణించినచో, భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుండ్రకు సమానముగా చెందునని ఆ చట్టము నాడే చెప్పినది. ఆడుదాని ఆస్తిమీద ఆమెకు సంపూర్ణమైన హక్కు గలదనియు చెప్పినది. కాని పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో పుట్టుకచేత వచ్చు హక్కు కొడుకులకే ఉండెను. ఈ భేదమును తొలగించుటకు ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు 5 నుండియు, తమిళనాడు 1989 మార్చి 25 నుండియు సవరణలు తెచ్చినవి. రెండు సవరణలలోను ఒక షరతు గలదు. ఆ తేదీకి ముందే పెండ్లియైన కూతురికి ఆ హక్కు లేదు.

ఈ షరతు మన వంటి సరిహద్దు కుటుంబములలో ఎట్లు పనిచేసినదో ఊహించుడు. 1986లో పెండ్లియైన ఇద్దరు కన్యలనుకొందము. ఒకరి పుట్టింటి పొలము పాలమనేరు వద్ద, మరియొకరి పుట్టింటి పొలము గుడియాత్తము వద్ద. మొదటి ఆమెకు వాటా వచ్చెను. రెండవ ఆమెకు రాలేదు. గుడియాత్తము ఇంటిలోనే 1990లో పెండ్లియైన చెల్లెలికి వాటా వచ్చెను, అక్కకు రాలేదు. ఒక తల్లి కడుపున పుట్టినవారిని పెండ్లి తేదీ వేరు చేసినది. ఆ నాటి మాటలు నేటికిని మన ఇండ్లలో వినబడుచున్నవి. “అక్కకు హక్కు లేదు, ప్లీడరు చెప్పినాడు” అని ముప్పది ఏండ్లనాటి మాటను ఇప్పటికిని చెప్పువారు కలరు.

ఆ మాట నేడు చెల్లదు. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను కూతురు పుట్టుకచేతనే కొడుకుతో సమానమైన భాగస్వామి. పెండ్లియైనదా, కాలేదా అను ప్రశ్న లేదు. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి యుండవలెనను సందేహమును కూడ సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11 నాటి తీర్పులో తొలగించినది. తండ్రి అంతకు ముందే గతించినను కూతురి హక్కు పోదు. ఒక్క మినహాయింపు గలదు. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు రిజిస్టరు దస్తావేజుతోగాని, కోర్టు డిక్రీతోగాని జరిగిన పంపకములు అట్లే నిలుచును. “నోటిమాటగా ఎప్పుడో పంచుకొన్నాము” అనిన చాలదు. ప్రభుత్వ రికార్డులచే గట్టిగా రుజువైన అరుదైన సందర్భములలో తప్ప అట్టి పంపకమును కోర్టులు ఒప్పుకొనవు. 2022 జనవరిలో తమిళనాటి నుండి వెళ్లిన ఒక వ్యాజ్యములో సుప్రీంకోర్టు మరియొక సంగతి తేల్చినది. 1956కు పూర్వము వీలునామా లేకుండ మరణించిన తండ్రి స్వార్జితమునకు సైతము కూతురు వారసురాలే.

ఇంత స్పష్టముగా చట్టమున్నను మన ఇండ్లలో ఏమి జరుగుచున్నది? పెద్దాయన పోయిన కొన్నాళ్లకు అన్నదమ్ములు హక్కు విడుదల పత్రము వ్రాయించి, చిత్తూరు నుండి అక్కను, తిరుపతి నుండి చెల్లెలిని పిలిపింతురు. పత్రము తమిళములో నుండును. తెలుగు బడిలో చదివిన అక్కకు ఆ లిపి రాదు. “ఇల్లు మా పేర మారుటకు సంతకము కావలెనట, ఒకసారి వచ్చి పొమ్ము” అని మాత్రము చెప్పుదురు. దీనికి ఎదురైన చిత్రమును ఆ వైపు చూడవచ్చును. వేలూరులో తమిళ బడిలో చదివి పాలమనేరునకు కోడలైన పిల్ల అచ్చట తెలుగు కాగితములమీద చదువకయే సంతకము చేయును. 2006 నాటి తమిళ బోధన చట్టము తరువాత మన పిల్లలలో తెలుగు అక్షరము నేర్చువారు తగ్గిపోయిరి గాన ఈ చిత్రము ముందు ముందు ఇంకను ఎక్కువగా కనబడును. సబ్‌రిజిస్ట్రారు సంతకము మీదేనా అని అడుగును. పంపకములోని న్యాయాన్యాయములు విచారించుట ఆయన పని కాదు. ఆ కాగితము మోసముచే పుట్టినదని తరువాత తెలిసినచో, తెలిసిన నాటినుండి మూడేండ్లలోపల రద్దునకు దావా వేయవలెను. తోబుట్టువుమీద దావాకు ఎందరు ఆడబిడ్డలు సాహసింతురు? అందుచేత ఆ సంతకము ఆచరణలో చివరి మాటయే యగుచున్నది.

అన్నదమ్ములందరును దురాశాపరులని మా అభిప్రాయము కాదు. వారు చెప్పు కారణములు కొన్ని విచారింపదగినవి. మొదటిది, “పెండ్లికి కట్నము, బంగారము ఇచ్చితిమి కదా” అనునది. కట్నమిచ్చుటయు, పుచ్చుకొనుటయు 1961 నాటి చట్టముచే నేరము. నేరమును ఖర్చు పద్దులో వ్రాసి వాటాకు చెల్లు పెట్టుకొనుట ఏ వర్తకుడు ఒప్పు లెక్క? పెండ్లి ఖర్చు కొడుకులకును అయినది. దానిని వారి వాటాలో ఎవరును తగ్గించుట లేదు.

రెండవది, “తల్లిదండ్రులను చూచినది మేము, అప్పులు తీర్చినది మేము” అనునది. ఇది న్యాయమైన మాట. చట్టమును దీనిని కాదనలేదు. ఉమ్మడి ఆస్తిలో హక్కు పొందిన కూతురికి ఆ ఆస్తి బాధ్యతలును కొడుకుతో సమానముగా వచ్చును. తల్లిదండ్రులను పోషించు బాధ్యత 2007 నాటి చట్టము ప్రకారము కొడుకులకు, కూతుండ్రకు సమానమే. కావున తీర్చిన అప్పుల లెక్క, వైద్యపు ఖర్చుల లెక్క బయట పెట్టి, అందరి ఎదుట కూడి, ఆ మీదట పంచుకొనవచ్చును. లెక్క చూపి తగ్గించుకొనుట వేరు, లెక్కయే చూపకుండ సంతకము తీసికొనుట వేరు.

మూడవది, “వాటాలు వేసిన అంగడి ముక్కలగును” అనునది. మేమును వర్తకులమే గాన ఈ భయము మాకు తెలియును. దీనికి చట్టములోనే మార్గము గలదు. వారసత్వముగా వచ్చిన వ్యాపారములోగాని, స్థిరాస్తిలోగాని తన వాటాను ఒక వారసుడు అమ్మదలచినచో తక్కిన వారసులకు ముందుగా కొనుహక్కు గలదు. అన్నదమ్ములు నేటి ధర కట్టి, చెల్లెలి వాటాను రూపాయలలో చెల్లించి, అంగడిని ఒక్కటిగా నిలుపుకొనవచ్చును. ఒక్కసారి ఇచ్చుకొనలేనివారు వాయిదాలుగా ఇచ్చెదమని వ్రాసి ఇయ్యవచ్చును. సరకు తెచ్చిన చేనేత వ్యాపారికి వాయిదా చెప్పి నిలబెట్టుకొను మనము తోబుట్టువునకు చెప్పి నిలబెట్టుకొనలేమా?

ఆడబిడ్డ తన ఇష్టముచేత వాటా వదులుకొన దలచినచో ఎవరును ఆమెను అడ్డగించరు. అన్న కష్టములో నున్నాడని, పుట్టినింట తలుపు తెరచి యుండవలెనని, ఎందరో వదులుకొన్నారు. ఆ మనసు గొప్పది. కాని వదులుచున్నది ఎంతయో తెలిసి వదిలిననాడే దానికి ఆ గౌరవము చెల్లును. పది లక్షల వాటాను పసుపు కుంకుమల చీరెతో సరిపెట్టి, ఆమెకే ఆ సంగతి తెలియనీయకుండుట బాంధవ్యము కాజాలదు.

పురుషులకు గూడ కాగితములు చదువకుండుటవలన కలుగు నష్టములు గలవు. ముఖ్యముగా పేర్ల సంగతి. మన తాతల దస్తావేజులలో ఇంటిపేరు ముందును, తెలుగు వ్రాతతోను ఉండును. నేటి పట్టాలలో ఇంటిపేరు పోయి తండ్రి పేరి మొదటి అక్షరము వచ్చి చేరినది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము, ప, బ లకు ఒకే అక్షరము గాన గోపాలు కోపాలగును, బాలయ్య పాలయ్య యగును. అరువది ఏండ్ల తరువాత ఈ ముగ్గురు పేర్లవారును ఒక్క మనిషియేయని రుజువు చేయవలసి వచ్చినప్పుడు సాక్షులు మిగిలియుండరు. పెద్దలు జీవించి యుండగనే వంశవృక్షము వ్రాసి, పాత పేరు కొత్త పేరు ప్రక్క ప్రక్కన చేర్చి, మరణించినవారి విషయమున తహసీల్దారు నుండి వారసుల సర్టిఫికెట్టు పొందియుంచుట మంచిది.

అట్లే ఇంటిలో వ్రాసికొన్న తెల్లకాగితపు పారీఖత్తులు. రిజిస్టరు కావలసిన పంపకపు దస్తావేజు రిజిస్టరు కానిచో హక్కును నిలుపుటకు సాక్ష్యముగా పనికిరాదు. తెలుగులో వ్రాసిన కొత్త పత్రమును ఇచ్చటి కచేరీలో దాఖలు చేయువారు మరియొకటి గమనింపవలెను. రిజిస్టరు చేయు అధికారికి తెలియనిదియు, ఆ జిల్లాలో వాడుకలో లేనిదియు నగు భాషలో పత్రమున్నచో, వాడుకలోనున్న భాషలో సరియైన అనువాదమును, నకలును జతపరుపవలెనని చట్టము. వీలునామాకు రిజిస్ట్రేషను నిర్బంధము కాదుగాని ఇద్దరు సాక్షుల సంతకములు తప్పనిసరి. సంతానము లేని స్త్రీలు వీలునామా వ్రాయుట మరింత అవసరము. ఆమె స్వార్జితము, భర్త లేనిచో, కన్న తల్లిదండ్రులకన్న ముందు భర్త వారసులకు పోవునని నేటి చట్టము. తల్లిదండ్రుల నుండి వచ్చిన ఆస్తి మాత్రమే తిరిగి తండ్రి వారసులకు చేరును. ఈ సంగతి తెలియక ఉద్యోగము చేసి కూడబెట్టిన ఆడబిడ్డల సొమ్ము వారు తలపని చేతులలో పడుచున్నది.

కావున మా సూచనలు ఇవి. ప్రతి కుటుంబమును తమ ఆస్తుల పట్టిక ఒకటి తెలుగులోను, తమిళములోను వ్రాసి, సర్వే నంబరు, దస్తావేజు నంబరు, సంవత్సరము, ఎవరి పేర నున్నది చేర్చి, కొడుకులకు, కూతుండ్రకు తలకొక ప్రతి ఇయ్యవలెను. ఏ విడుదల పత్రముగాని, పవర్ పత్రముగాని ఆడబిడ్డ చేత సంతకము చేయించుటకు ముందు ఆమెకు తెలిసిన భాషలో మొదటినుండి తుదివరకు చదివి వినిపింపవలెను. ఆమె వాటా ఎంత, దాని నేటి ధర ఎంత అనునది ఆమెతో చెప్పవలెను. ముసాయిదాను కనీసము వారము దినములు ఆమె ఇంట నుంచవలెను. సందేహమున్నచో వేలూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగవచ్చును. 1987 నాటి చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలు అచ్చట ఉచితముగా న్యాయ సహాయము పొందుటకు అర్హులు.

మన సంఘమునకును ఇందులో ఒక పని గలదు. గొలుసుకట్టు వ్రాతలోని పాత తెలుగు దస్తావేజులు చదువగల పెద్దలు మనలో ఇంకను కొందరు మిగిలియున్నారు. తమిళము చక్కగా వచ్చిన పిల్లలు ప్రతి ఇంటను ఉన్నారు. నెలకొక ఆదివారము ఈ ఇరువురిని ఒక బల్లవద్ద కూర్చుండబెట్టినచో పాత పత్రముల సారము కొత్త భాషలోనికి వచ్చును. తాత అక్షరమును మనుమరాలు తెలిసికొనును. తెలుగు నేర్చుట పండుగనాటి పద్యములకేగాక ఇంటి గోడను కాపాడుకొనుటకును పనికివచ్చునని పిల్లలకు కంటికి కనబడును. ఈ పనికి ముందుకు రాదలచిన పెద్దలును, యువజనులును సంఘ కార్యాలయములో తమ పేర్లు తెలుపగోరుచున్నాము.

చట్టము మన ఆడబిడ్డలకు ఇయ్యవలసినది ఇచ్చినది. దానిని వారికి చదివి వినిపించుట ఒక్కటే మన వంతు. ఈ సంవత్సరము ఏ ఇంటనైనను పంపకము జరుగనున్నచో, కాగితము వ్రాయింపకముందే ఆ ఇంటి అక్కచెల్లెండ్రను పిలిచి, పాత పెట్టెను వారి ఎదుట తెరువవలెనని కుటుంబ పెద్దలను సవినయముగా ప్రార్థించుచున్నాము.